గేటు పాసు లేని ఉప్పు

మొన్న మనవరాలికి విరేచనాలు పట్టుకుంటే కోడలు మందుల షాపు నుంచి ఒక అట్టడబ్బా తెచ్చింది. లోపల నారింజ రంగు నీళ్లు, పక్కన అతికించిన గొట్టం. పిల్ల చేతికి ఇవ్వబోతుంటే లాక్కుని ముందు నేను ఒక గుటక వేశాను. తీపి నాలుకకు జిగురులా పట్టేసింది. ఉప్పు జాడే లేదు. పెళ్లి పందిట్లో ఎండన పడి వచ్చిన వాళ్లకు పోసే రంగు షరబత్తు ఇంతకంటే నయం. "డబ్బ మీద ప్లస్సు గుర్తున్నది గదత్తమ్మా" అంది కోడలు. గుర్తు ఉంటే తాగేది గుర్తునా? ఇంత తీపి పోస్తే పేగు ఒంట్లో నీళ్లను తనలోకి లాగుతుంది, ఆగాల్సిన విరేచనం ఇంకా జోరుగా అవుతుంది అని కేకలేశాను. కోడలు నోరు తెరుచుకుని చూసింది. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు, ఇది కూడా నేను చెబుతుంటే తనే రాస్తోంది. రాసుకో, అట్టడబ్బా సంగతి కూడా వదలకుండా రాసుకో. పేగు గురించి నేను కేకలేసిన ఆ మాటలు నావి కావు. సుగుణ సిస్టరువి. ఆమె గురించి చెప్పాలంటే ఇప్పటికీ నాకు ముందు ఒళ్లు మండుతుంది, మిగతాది తర్వాత వస్తుంది.

ఇప్పుడు అద్దాల మేడలు నిలబడి ఉన్నచోట అప్పుడు అన్నీ బండరాళ్లు. వాటిని పేల్చి, చదును చేసి పునాదులు తీస్తున్న కాలం. మేము పాలమూరు వైపు నుంచి వచ్చి ఖాజాగూడ చెరువు పక్కన గుడిసె వేసుకున్నాం. నేను, మా ఆయన, ఇంకా నడక కూడా సరిగా రాని నా కొడుకు, మా అత్త, మా మరిది మల్లేశు. మగవాళ్లు సిమెంటు మాలు కలిపి మోసేవారు, నేను తట్ట ఎత్తేదాన్ని, అత్త పిల్లవాణ్ణి చూసుకుంటూ వండేది. స్లాబు వేసే రోజంటే పొద్దున మొదలుపెడితే పూర్తయ్యే దాకా ఎవరూ ఆగకూడదు. ఆగితే కలిపిన మాలు గట్టిపడిపోతుంది, పోసినచోట అతుకు పడుతుంది. తిండి తర్వాత, నీళ్లు మాత్రం తాగుతూనే ఉండాలి.

అలాంటి ఒక స్లాబు రోజున, నడి వేసవిలో, మా ఆయన తలనొప్పి అంటూ కూర్చున్నాడు. కక్కుకున్నాడు. పొంతన లేని మాటలు మొదలుపెట్టాడు. ఎండదెబ్బ అన్నారందరూ. అత్త చెంబు మీద చెంబు నీళ్లు పట్టింది. కన్నతల్లి ఇంకేం చేస్తుంది? ఆటోలో కొండాపూర్ చౌరస్తాలో బోర్డు లేని ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే గ్లూకోజు సీసా వేలాడదీశాడు. అది అయిపోతే ఇంకొకటి. మాకు గ్లూకోజు అంటే బలం. ఒళ్లు నొప్పులని పోయినవాడు కూడా సీసా ఎక్కించుకోకుండా తిరిగి వస్తే, ఆ డాక్టరుకు ఏమీ రాదు అనుకునేవాళ్లం. మా ఆయనకు ఫిట్సు వచ్చాయి, ఆయన మళ్లీ కళ్లు తెరవలేదు. చేతికి ఉన్న వెండి కడియం బతికున్నప్పుడు మోచేతి దాకా జారేది. పోయాక తీయబోతే కదల్లేదు. కంసాలి పని చేసే అవుసులాయన వచ్చి కోశాడు. నీళ్లు అందక పోయాడని అందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

ఆ చావు తర్వాతే కంపెనీ వాళ్లు రేకుల షెడ్డులో ఒక వైద్యం గది పెట్టారు. మొగుడు పోయిన దాన్ని కదా అని నన్ను తట్ట దింపించి, ఆ గది ఊడ్చి తుడిచి, తాగే నీళ్ల డ్రమ్ము నింపే పనిలో పెట్టారు. గదికి పెద్ద సుగుణ సిస్టరు. గుంటూరు వైపు ఎక్కడో నర్సుల బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. చందానగర్‌లో కిరాయికి ఉండి రోజూ బస్సులో వచ్చేది. పొట్టి మనిషి, మందపు అద్దాలు, చీర కుచ్చిళ్లు కత్తితో కోసినట్టు ఉండేవి. బడి మానేసింది గానీ పాఠం మానలేదు. గేటు దగ్గర వాచ్‌మన్‌కు చెప్పేది, కట్టు కట్టించుకోవడానికి వచ్చిన వాడికి చెప్పేది, ఎవరూ దొరకకపోతే చేటంత చెవులు చేసుకుని వినడానికి నేనున్నాను అనుకునేది.

మొదటి రోజే డ్రమ్ములో ఉప్పు, చక్కెర, నిమ్మకాయ కలపమంది. కలిపాను. గరిటెతో తీసి నా నోటికి పెట్టి, "కన్నీళ్లకంటే ఉప్పగా ఉందా, తక్కువగా ఉందా?" అని అడిగింది. నాకు ఏమీ తోచలేదు. "కన్నీళ్ల రుచి ఎలా ఉంటుందో తెలీదా నీకు?" అంది. చూడండి ఎలాంటి మనిషో. మొగుడు పోయి గాజులు పగలగొట్టించుకున్న దాన్ని పట్టుకుని ఆ మాట అడుగుతుందా? చీపురు విసిరేసి పోదామనుకున్నాను. పోతే మళ్లీ తట్ట ఎత్తాలి. మింగేసి, తక్కువ అన్నాను. "అయితే ఇంకాస్త వేసి మళ్లీ చూడు. దాటితే మాత్రం పారబోయాలి" అంది.

అది అక్కడితో ఆగినా బాగుండేది. ప్లైవుడ్ గోడ మీద సుద్దముక్కతో లెక్కలు మొదలుపెట్టింది. నాకు కోపం ఆగలేదు.

"ఏంది సిస్టరమ్మా, ఊడ్సెటందుకు గూడ లెక్కలు రావాల్నా?"

"రావాలి. ఆ డ్రమ్ములో నీళ్లు సైటంతా తాగుద్ది. నువ్వు తప్పు కలిపితే ఊడవడానికి ఇక్కడ ఎవరూ మిగలరు."

ఒక లీటరు సీసాలో యాభై గ్రాముల గ్లూకోజు, ఇంకో లీటరు సీసాలో తొమ్మిది గ్రాముల ఉప్పు. ఈ రెండూ దాదాపు సమానం అంటుంది. యాభై, తొమ్మిది ఎట్లా సమానమవుతాయి? నేను లెక్క రాని దాన్నే గానీ పిచ్చిదాన్ని కాదు. అదే అన్నాను. ఆమె నవ్వలేదు, నవ్వడం ఆమెకు అలవాటు లేదు. మేస్త్రి పొద్దున హాజరు ఎలా తీసుకుంటాడని అడిగింది. మనుషులను తూకం వేస్తాడా, తలలు లెక్కపెడతాడా? తలలే. నీళ్లు కూడా అంతే, బరువు చూడవు, కరిగిన రేణువులు ఎన్ని తలలున్నాయో చూస్తాయి అంది. గ్లూకోజు మనిషి లావు, ఒక్కో తల బరువు నూట ఎనభై. యాభైని నూట ఎనభైతో భాగించి, వెయ్యో వంతుల్లో చెబితే రెండు వందల డెబ్బై ఎనిమిది తలలు. ఉప్పు జంటగా ఉంటుంది, జంట బరువు యాభై ఎనిమిదిన్నర. తొమ్మిదిని దాంతో భాగిస్తే నూట యాభై నాలుగు జంటలు. నీళ్లలో దిగగానే జంట చేయి వదిలేస్తుంది, ఎవరి దారి వారిది. కాబట్టి రెండుతో హెచ్చించాలి, మూడు వందల ఎనిమిది. మన నెత్తురులో తలలు మూడు వందలకు కాస్త తక్కువ. అందుకే ఈ సీసాలు రెండూ నెత్తురుకు సరిజోడు. దీనికి ఆస్మొలారిటీ అని పేరు చెప్పింది. నా నోరు తిరగదు, నేను హాజరు లెక్క అనుకున్నాను. ఉప్పును రెండుతో హెచ్చించడం మర్చిపోతే ఆమె చూసే చూపుకు, మేస్త్రి తిట్టే బూతులే మేలనిపించేది. నేను చుట్టాల ఇంట్లో శుభకార్యానికి దాచుకున్న కిస్మిస్ కూడా ఆ పాఠానికే పోయింది. కొన్ని మంచినీళ్లలో వేసి ఉబ్బాయి చూడు అంది, ఉబ్బినవి తీసి ఉప్పునీళ్లలో వేసి ముడుచుకున్నాయి చూడు అంది. చూశాను. తినడానికి మాత్రం ఏదీ మిగల్లేదు.

ఒకరోజు ఆ గ్లూకోజు లెక్క మళ్లీ మొదలుపెడితే విసుగొచ్చి, గ్లూకోజు మంచిదే లెండి, మా ఆయనకు కూడా ఎక్కించారు, ఆయువు లేక పోయాడు అన్నాను. ఆ మాట మీద ఆ రోజు జరిగిందంతా చెప్పాను. కడియం కోయించిన సంగతి కూడా చెప్పాను. గోడ మీద సుద్దముక్క ఆగిపోయింది. అయ్యో అంటుందేమో, భుజం మీద చెయ్యి వేస్తుందేమో అనుకున్నాను. "డ్రమ్ము నిండిందా?" అంది. వెళ్లి నింపాను, తిట్టుకుంటూ.

మర్నాటి నుంచి పాఠం ఇంకా ముదిరింది. హాజరు సమానంగా ఉంటే సరిపోదు, ఎవరు ఎక్కడ నిలబడతారన్నది చూడాలి అంది. ఒంట్లో ప్రతి కణానికీ గోడ ఉంటుంది, గోడకు గేటు ఉంటుంది. మన సైటు గేటు లాగే. గ్లూకోజుకు గేటు పాసు ఉంది. లోపలికి పోతుంది, ఒళ్లు దాన్ని తినేస్తుంది. పొద్దున హాజరు పలికి మధ్యాహ్నానికి మాయమయ్యే కూలీ లాంటిది. అది పోయాక సీసాలో మిగిలింది ఉత్త నీళ్లే. ఉప్పుకు పాసు లేదు. సాయంత్రం దాకా గేటు బయటే నిలబడి, తన వంతు నీళ్లను తనతో పాటు బయటే నిలబెట్టుకుంటుంది. దీని పేరు టానిసిటీ. నాకు ఇది గేటు లెక్క. చెమటలో ఉప్పు పోయినవాడు ఉత్త నీళ్లే కడవలు కడవలు తాగితే బయట తలలు పలచబడతాయి, లోపల ఎక్కువ ఉంటాయి. నీళ్లు తలలు ఎక్కువున్న వైపే పోతాయి. లోపలికి దూరి కణాన్ని ఉబ్బిస్తాయి. చేతిలో ఉబ్బితే వేళ్లు లావవుతాయి. మెదడు ఉబ్బితే మాత్రం చోటు లేదు, చుట్టూ పుర్రె ఉంది.

నేను చీపురు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. నా కళ్ల ముందు కడియం తప్ప ఏమీ లేదు.

"మా ఆయినెకు నీళ్లు ఎక్కువైనయా సిస్టరమ్మా?"

"నేనాయన్ని చూడలేదు. చూడని మనిషికి మందూ రాయను, కారణమూ రాయను" అంది. "నీకు లెక్క వచ్చిందిగా. ఇక ఊడ్చు."

ఆ మనిషిని ఏమనాలి చెప్పండి.

ఎండాకాలం మళ్లీ వచ్చింది. డ్రమ్ము నీళ్లు తాగమంటే సైటులో సగం మంది మూతి ముడిచేవారు. అందరిలోకీ మా మల్లేశు మొండివాడు. "వదినె, నీ సముద్రం నువ్వే తాగు" అని నలుగురినీ నవ్వించి, పోసిన స్లాబు తడిపే పైపుకు నోరు పెట్టేవాడు. వాడికి అన్న కడియానికి జోడు కడియం ఉండేది. తల్లి ఇద్దరికీ ఒకేసారి చేయించింది. పని చేస్తుంటే అది కిందికీ పైకీ జారుతూ చప్పుడయ్యేది. ఆ చప్పుడును బట్టి వాడు ఎక్కడున్నాడో నాకు తెలిసేది.

పెద్ద స్లాబు రోజు. మల్లేశు పొద్దున ఏమీ తినకుండా ఎక్కాడు. మధ్యాహ్నం దాటాక ఇద్దరు మనుషులు వాణ్ణి రెక్కలు పట్టుకుని షెడ్డుకు తెచ్చారు. తలనొప్పి అంటున్నాడు, ఉత్త నీళ్లు కక్కుతున్నాడు, నన్ను చూసి అన్నను పిలవమన్నాడు. అన్న లేడన్న సంగతి వాడికి గుర్తు లేదు. సిస్టరు ఒళ్లు తడిమి చూసింది. అంత వేడిగా లేదు, ఎండదెబ్బయితే కాలిపోయేది. ఏం తిన్నాడు, ఏం తాగాడు అని తెచ్చిన వాళ్లను అడిగింది. ఏమీ తినలేదు, పైపు మాత్రం వదల్లేదు అన్నారు. ఎండకు పడిపోయిన ప్రతివాడికీ నీళ్లు ఆపకూడదని, చాలామందికి కావాల్సింది నీళ్లేనని ఆమె నాకు ఎన్నోసార్లు చెప్పింది. వీడు ఆ చాలామందిలోని వాడు కాదని నాకు వాడి చెయ్యి చూస్తే తెలిసింది. కడియం కండలో కూరుకుపోయి ఉంది. వేలు పెడదామంటే సందు లేదు. ఆ చెయ్యి ఎత్తి సిస్టరుకు చూపించాను. ఆమె రంగు మారింది. బయటికి వెళ్లి ఇంజనీరు జీపు కోసం అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. లోపలికి వచ్చి, పెద్దాసుపత్రి చేరేదాకా చుక్క మంచినీళ్లు పోయొద్దు అంది.

అంతలో అత్త చెంబు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఎవరో గుడిసెకు పోయి చెప్పారు. వెనకే ఆటో. కొండాపూర్ డాక్టరు దగ్గరికి, గ్లూకోజు సీసా దగ్గరికి. మల్లేశు చెంబు చూసి చేతులు చాచాడు. "వదినె, జర నీళ్లు పొయ్యి. కాళ్లు మొక్కుత." నన్ను ఎప్పుడూ ఏదీ అడగని వాడు. అత్త నన్ను తోసుకుని ముందుకు వచ్చింది. సిస్టరు తలుపుకు అడ్డంగా నిలబడింది. ఆమె మాట ఎవరు వింటారు? పరాయి మనిషి. సైటు వాళ్లంతా నా వైపు చూశారు. నేను ఇంటి మనిషిని, నేను ఏమంటే అది.

నాకు అప్పుడు సిస్టరు మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆ లెక్కలు నాకు చెప్పకుండా ఉంటే నేనూ చెంబు పట్టుకుని ఏడుస్తూ నిలబడేదాన్ని, ఏం జరిగినా దేవుడి మీద వేసేదాన్ని. ఇప్పుడు ఎటూ తప్పించుకునే దారి లేకుండా చేసింది. ఆమె లెక్క తప్పయితే దాహంతో ఉన్నవాడికి నీళ్లు పోయనిది నేనవుతాను. అత్త చేతిలో చెంబు తీసుకుని నేల మీద కుమ్మరించాను.

"పెద్దోన్ని మింగింది సాలలేదా? సిన్నోన్ని గూడ సంపుతవా?" అంది అత్త. అందరిలో అంది.

జీపులో నేను వాడి తల ఒడిలో పెట్టుకున్నాను. సిస్టరు ఎదురుగా కూర్చుంది. దారి పొడవునా గుంతలు. వాడికి ఫిట్సు వచ్చినప్పుడు వాంతి గొంతుకు అడ్డం పడకుండా పక్కకు తిప్పి పట్టుకుంది. పెద్దాసుపత్రిలో వాళ్లు ముందు నెత్తురు తీసి పరీక్షకు పంపారు. తర్వాత ఉప్పు సీసా పెట్టారు. మామూలు ఉప్పు సీసా కాదట, అంతకంటే చిక్కనిది, ఒక్కో చుక్క కాపలా కాసి ఎక్కించాలట. ఇది ఎందుకు చిక్కగా ఉండాలో చెప్పు అని నన్ను అడిగింది సిస్టరు. ఆ వరండాలో. ఆ సమయంలో. బయట తలలు పెంచితే లోపల దూరిన నీళ్లు మళ్లీ గేటు దాటి బయటికి వస్తాయి అన్నాను, ఏడుస్తూనే. "ఆ" అంది. మెచ్చుకోవడానికి ఆమె దగ్గర ఉన్నది ఆ ఒక్క అక్షరమే.

మల్లేశు బతికాడు. మర్నాడు నన్ను గుర్తుపట్టి, ఆకలవుతోంది అన్నాడు. తర్వాత కొన్ని రోజులకు, మంచం మీద చెయ్యి ఎత్తితే కడియం చప్పుడు చేసుకుంటూ మోచేతి దాకా జారింది. అత్త ఆ చప్పుడు విని లేచి బయటికి వెళ్లిపోయింది.

అత్త నాతో చాలా రోజులు మాట్లాడలేదు. వండి పెట్టేది, పిల్లవాణ్ణి చూసుకునేది, అంతే. ఒకరోజు పని మీద కాదు, ఊరికే వైద్యం గదికి వచ్చి గడప దగ్గర కూర్చుంది. సిస్టరు మందులు సర్దుతోంది, నేను సీసాలు కడుగుతున్నాను. అత్త నేల వైపు చూస్తూ అడిగింది.

"పిల్లా, మరి పెద్దోనికి గూడ గిట్లనే అయిందా? నేను పోసిన నీళ్లేనా?"

సిస్టరు వైపు చూడలేదు గానీ, మందులు సర్దే చప్పుడు ఆగడం వినిపించింది. నాకు లెక్క తెలుసు. హాజరు తెలుసు, గేటు తెలుసు, చెంబులు తెలుసు, ఆ గ్లూకోజు సీసాలు తెలుసు. తప్పు కూడితే ప్రాణం తీసే మనిషి నా వెనకే నిలబడి ఉంది. రెండుతో హెచ్చించడం మర్చిపోతే ఊరుకోని మనిషి.

"నాకు లెక్కలు రావత్తా" అన్నాను. "ఎండదెబ్బ అన్నరు గదా అందరు. గంతే అయ్యుంటది."

సిస్టరు నోరు తెరుస్తుందని గట్టిగా కళ్లు మూసుకున్నాను. ఆమె వచ్చి అత్త ముందు గొంతుక్కూర్చుంది. "ఆయన్ని నేను చూడలేదమ్మా" అంది. అంత మెల్లగా మాట్లాడగలదని నాకు తెలియదు. తర్వాత లేచి డ్రమ్ములోంచి ఒక గ్లాసు ముంచి అత్త చేతికిచ్చింది. అత్త తాగింది. ఆ రోజు సుద్దముక్క ముట్టుకోలేదు, పాఠం లేదు.

మేడలు లేచాయి, అద్దాలు బిగించారు, రేకుల షెడ్డు పీకేశారు. సిస్టరు పెట్టె పట్టుకుని గేటు బయట ఆటో కోసం నిలబడితే నాకు ఏడుపు ఆగలేదు. అన్ని రోజులు తిట్టుకున్న మనిషి కోసం ఎందుకంత ఏడుపో. నా వైపు చూసి, "కన్నీళ్లు నాకేం చూపిస్తావు? రుచి చూసి గుర్తుపెట్టుకో, మళ్లీ కొలత తప్పుతావు" అంది. ఆటో ఎక్కాక కూడా తల బయటికి పెట్టి ఏదో చెప్పింది. చప్పుడులో వినబడలేదు. ఉప్పును రెండుతో హెచ్చించమనే అయి ఉంటుంది. ఆమె ఇప్పుడు ఉందో లేదో తెలియదు. అత్త నేను చెప్పిన ఆ జవాబు వెంట తీసుకుని పోయింది, మనశ్శాంతిగానే పోయింది. మల్లేశు మాత్రం ఇవాళ్టికీ మజ్జిగలో ఉప్పు ఎక్కువైతే నీ సముద్రం అంటాడు.

నేను ఆ తర్వాత ఎన్నో ఇళ్లల్లో, ఎన్నో ఆఫీసుల్లో ఊడ్చాను. ఎక్కడా ఎవరూ నన్ను లెక్క అడగలేదు. అయినా నీళ్లు కలిపి ఎవరికి ఇచ్చినా ముందు నాలుక మీద వేసుకోకుండా ఇవ్వను. కన్నీళ్ల కొలత చూసుకునేటప్పుడు ప్రతిసారీ ఆ గడప దగ్గర నేల వైపు చూస్తున్న అత్త కూడా గుర్తుకొస్తుంది. తెలిసిన లెక్క చెప్పకపోవడం తప్పో ఒప్పో సిస్టరు నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే దాని మీద కూడా పోట్లాడేదాన్ని.

మొన్నటి అట్టడబ్బాను సింకులో పోసేశాను. సర్కారు దవాఖానలో ఇచ్చే తెల్ల పొడి ప్యాకెట్టు తెప్పించి, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలిపాను. చిక్కగా ఉంటే బలమని గ్లాసుడు నీళ్లలో కలిపే తెలివిగల వాళ్లు మా వాడలో ఇంకా ఉన్నారు, వాళ్లతో రోజూ గొడవే. గరిటెతో తీసి నోట్లో వేసుకున్నాను. సరిపోయింది. మనవరాలు ఒక చెంచా తాగి మొహం వికారంగా పెట్టింది.

"నాయినమ్మా, నాకు ఆరెంజిదే గావాలె."

"ఇయ్య" అన్నాను. ఇంకో చెంచా ముంచాను.